లావణ్యంలో ఉన్న ఉప్పు: ఆంధ్రభారతి నిఘంటు శోధన సమీక్ష

నిఘంటువు విలువ తెలియాలంటే అరుదైన పదాన్ని కాక, అందరికీ తెలుసనిపించే పదాన్ని వెదకాలని నా నమ్మకం. అందుకే ఆంధ్రభారతి వెబ్‌సైట్ ఉచితంగా అందిస్తున్న నిఘంటు శోధనను 'లావణ్యం' అనే మాటతో పరీక్షించాను. ఒక్క పదం ఇస్తే బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం వంటివన్నీ ఒకే పుటలో కనిపించడం ఈ సేవలోని గొప్ప సౌకర్యం.

సౌందర్యం, చక్కదనం అన్న పర్యాయపదాలు వెంటనే దొరుకుతాయి. అక్కడితో ఆగకుండా 'లవణం' కూడా వెదకాలి. మధురం నుంచి మాధుర్యం, పండితుడి నుంచి పాండిత్యం ఏర్పడినట్లే, ఉప్పు అనే అర్థమున్న లవణం నుంచి లావణ్యం పుట్టింది. కూరలో ఉప్పు కంటికి కనబడదు, కానీ అది లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా రుచి ఉండదు. ముత్యం లోపల తొణికిసలాడే కాంతి వంటిది అవయవాలలో కనిపిస్తే దానినే లావణ్యమన్నారు ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్ర పండితులు. 9వ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు మరింత ముందుకు వెళ్లి, స్త్రీల లావణ్యం వారి అవయవాలకు అతీతంగా భాసించినట్లే మహాకవుల వాక్కులలో ధ్వనించే అర్థం మాటలకు అతీతంగా ఉంటుందన్నాడు. ఇంత చరిత్ర ఉన్న మాటను 'అందం' అన్న ఒక్క అర్థంతో సరిపెట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

తరువాత 'చక్క' వెదికితే సంస్కృతం నుంచి రాని మన దేశ్యపదం మరో దారి చూపుతుంది. తిన్నగా, సరిగా ఉండడమే దాని మూలార్థానికి దగ్గరగా తోస్తుంది. 'చక్కదిద్దడం'లో అదే నిలిచి ఉంది. సంస్కృతం అందాన్ని నాలుకతో రుచి చూస్తే, తెలుగు దానిని పొందికలో చూసింది.

కొత్త పాఠకులు శబ్దరత్నాకరంలోని 'దే.' దేశ్యానికీ, 'వై.' వైకృతానికీ (సంస్కృత, ప్రాకృతాల నుంచి రూపం మారి వచ్చిన మాటకు) సంకేతాలని ముందుగా తెలుసుకోవాలి. ఏ మాట ఏ కాలంలో అర్థం మార్చుకుందో వరుసగా చెప్పే చారిత్రక నిఘంటువులు కావివి. ఆ లోటు పాత నిఘంటువులదే తప్ప వాటిని ఒకచోట చేర్చిన వారిది కాదు. పిల్లకు లావణ్య అని పేరు పెట్టే తల్లిదండ్రులకూ, తెలుగు పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ ఈ సేవను మనస్ఫూర్తిగా సూచిస్తాను.