చెల్టెన్‌హామ్ టిప్స్ అని టెలిగ్రామ్‌లో డబ్బులు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

యూకేలో ఉంటూ గుర్రప్పందాలు చూసే మనోళ్ళ కోసం రాస్తున్నా, ముఖ్యంగా జంప్ రేసింగ్ (గుర్రాలు కంచెలు దూకే పందాలు) పిచ్చి ఉన్నవాళ్ళకి. మార్చిలో చెల్టెన్‌హామ్ అని జంప్ రేసుల పండగ, నాలుగు రోజులు 28 రేసులు, ఇంక ఏ గుర్రం గెలుస్తుందో చెప్తామనే టిప్స్ గ్రూపులన్నీ నిద్ర లేస్తాయి. 2025లో నేను అలాంటిదాంట్లో బుక్కయ్యాను. పేరు రాయట్లేదు, రాసినా లాభం లేదు, వాడు నెలకోసారి పేరు మారుస్తాడు, పద్ధతి చెప్తా దాన్నిబట్టి మీరే పట్టుకోండి.

నేనేం కొత్తోణ్ణి కాదు. చిన్నప్పుడు మా బాబాయ్ వెనకాల మలక్‌పేట రేస్‌కోర్స్‌కి పోయినవాణ్ణే, కాకపోతే అక్కడంతా ఫ్లాట్, పరుగే గానీ కంచెలు దూకడం ఉండదు. ఇక్కడికొచ్చి మూడు మైళ్ళు బురదలో కంచెలు దూకుకుంటూ వచ్చిన గుర్రం ఆఖరి కంచె దగ్గర బోర్లా పడటం చూశాక ఇంక ఫ్లాట్ ఎక్కలా నాకు.

ఫిబ్రవరిలో ఒక ఫ్రెండ్ లింక్ పంపాడు. తెలుగులోనే వాయిస్ నోట్లు, ఐర్లాండ్ స్టేబుల్ నుంచి డైరెక్ట్ సమాచారం అని, నెలకి 40 పౌండ్లు. టిప్ గ్రూపులో పెట్టడు, ఒక్కొక్కళ్ళకి విడిగా పంపుతాడు, "బయటికి పొక్కితే రేటు పడిపోద్ది అన్నా, ఎవరికీ చెప్పకండి" అంటాడు. అందరూ ఒకే గుర్రం మీద పడితే రేటు, అంటే గెలిస్తే వచ్చే డబ్బు, తగ్గే మాట నిజమే కదా, అందుకే నాకు ఎంతో న్యాయంగా అనిపించింది. మొత్తం మోసం ఆ ఒక్క మాటలోనే ఉంది.

చెల్టెన్‌హామ్ మొదటి రోజు మంగళవారం, పెద్ద రేసు చాంపియన్ హర్డిల్, ఏడే గుర్రాలు. నాకొచ్చింది బ్రైటర్‌డేస్‌ఎహెడ్, మంచి గుర్రమే కదా అని 30 వేశా. కాన్‌స్టిట్యూషన్ హిల్ మధ్యలోనే పడింది, స్టేట్ మ్యాన్ హాయిగా ముందు పోతూ పోతూ ఆఖరి హర్డిల్ దగ్గర పడింది, ఎవరూ లెక్కలో పెట్టని గోల్డెన్ ఏస్ 25/1కి (అంటే పౌండుకి 25 లాభం) కొట్టేసింది. నా గుర్రం ఎక్కడో వెనకాల. పది నిమిషాల్లో గ్రూపు నిండా స్క్రీన్‌షాట్లు, అన్న పంపిన గోల్డెన్ ఏస్, 20కి 500 లాభం అని. అవి నిజం స్క్రీన్‌షాట్లే, అదే బాధ. మనది చీప్ ప్యాకేజీ కాబట్టి రెండోరకం టిప్ వచ్చిందేమో అనుకుని వెంటనే 150 కట్టి వీఐపీ అయ్యా. నవ్వకండి.

బండారం బయటపడింది ఉగాది రోజు. మార్చి 30, లెస్టర్‌లో కమ్యూనిటీ హాల్, గ్రాండ్ నేషనల్‌కి (ఇక్కడ అందరూ చూసే పెద్ద జంప్ రేసు) ఇంకా ఆరు రోజులు. పులిహోర తింటూ మాటల్లో మాటగా ఒకతనూ ఆ గ్రూపే అని తెలిసింది, పక్కనున్న పెద్దాయనా అదే. ముగ్గురం ఫోన్లు తీసి పచ్చడి గ్లాసుల పక్కన పెట్టి చూసుకున్నాం. నాకు బ్రైటర్‌డేస్‌ఎహెడ్, అతనికి స్టేట్ మ్యాన్, పెద్దాయనకి గోల్డెన్ ఏస్. అవే మాటలు, అదే "స్టేబుల్ నుంచి ఇప్పుడే ఫోన్ వచ్చింది అన్నా", గుర్రం పేరొక్కటే మార్చాడు. టైము 9:12, 9:13, 9:13. ఏడు గుర్రాలకి జనాన్ని ఏడు వాటాలేసి పంచితే ఎవడో ఒకడికి తగలక చస్తుందా? తగిలినోడు స్క్రీన్‌షాట్ పెడతాడు, తగలనోడు సిగ్గుపడి నోరు మూసుకుంటాడు. పెద్దాయన మాత్రం ఒప్పుకోలా, "నాకు కరెక్ట్‌గానే చెప్పాడుగా బాబూ" అంటాడు.

ఇంక వాడు అంటగట్టిన బెట్టింగ్ సైట్. క్రెడిట్ కార్డు తీసుకుంది, నాకు అక్కడే వెలగాలి, 2020 ఏప్రిల్ నుంచి ఇక్కడ లైసెన్స్ ఉన్న బుకీ ఎవడూ క్రెడిట్ కార్డు మీద పందెం తీసుకోకూడదు. "గ్యామ్‌స్టాప్‌లో పేరున్నా పర్లేదు" (పందాలు మానాలనుకునేవాళ్ళు తమని సైట్లు రానివ్వకుండా పేరు రాయించుకునేది) అని కూడా రాశాడు సైట్లో, ఆ మాట కనపడితే చాలు పారిపోండి. బుకీలకి లైసెన్సులిచ్చే గ్యాంబ్లింగ్ కమిషన్ పబ్లిక్ రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడ్డానికి రెండు నిమిషాలు పట్టదు, నేను డబ్బు పోయాక కొట్టా, లేదు. గెలిచిన 180 తీసుకుందామంటే పాస్‌పోర్ట్ అడిగాడు, ఇచ్చాక దానికి ఐదు రెట్లు పందెం వేస్తేనే ఇస్తా అన్నాడు. లైసెన్స్ లేనోడి మీద ఎవడికి చెప్పుకుంటాం.

అదే సైట్లో ఫిబ్రవరిలోనే నేషనల్‌కి ఒక గుర్రం మీద 50 పెట్టించాడు, అది చివరికి పరిగెత్తనే లేదు. ముందే వేసిన పందెంలో గుర్రం రాకపోతే డబ్బు గోవిందా, అది రూలే, దాన్ని మోసం అనను. కానీ 2024 నుంచి నేషనల్‌కి 40 నుంచి తగ్గించి 34 గుర్రాలకే చోటు, వెయిట్ల లిస్టులో (ఏ గుర్రం ఎంత బరువు మోయాలో చెప్పేది) కిందున్నదానికి చోటే దొరక్కపోవచ్చు, ఆ ముక్క చెప్పడు. రేసు దగ్గరపడ్డాక పెద్ద బుకీలు చాలామంది నాన్ రన్నర్ నో బెట్ ఇస్తారు, గుర్రం రాకపోతే మన డబ్బు మనకొస్తుంది, అప్పటిదాకా ఆగండి.

వాణ్ణి గ్రూపులోనే నిలదీస్తే మమ్మల్నిద్దర్నీ బ్లాక్ చేశాడు. ఏప్రిల్ 5న నేషనల్ నిక్ రాకెట్ 33/1కి గెలిచింది, సాయంత్రానికి గ్రూపులో మళ్ళీ స్క్రీన్‌షాట్ల జాతర. నాకెలా తెలుసంటే పెద్దాయన ఇంకా అందులోనే ఉన్నాడు, ఆయనే చూపించాడు. మరి మీకు ఏ గుర్రం పంపాడు అంకుల్ అని అడిగితే, టీ తాగుతావా బాబూ అన్నాడు.