విజయనగరంలో కారు నేర్చుకోవడం: ఫీజు ఎంత, స్టీరింగ్ మన చేతిలో ఉండేది ఎంతసేపు?

విజయనగరంలో డ్రైవింగ్ స్కూలు వెతుక్కునేవారు ఫీజు కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ డబ్బుకు స్టీరింగ్ మన చేతిలో మొత్తం ఎన్ని గంటలు ఉంటుంది? దసరాకు ముందు నేను ఊళ్లో నాలుగైదు చోట్ల విచారించి, వాటిలో ఒక స్కూలులో చేరి, కోర్సు పూర్తి చేసి లైసెన్సు తీసుకున్నాను. ఆ అనుభవం మీద రాస్తున్న సమీక్ష ఇది. స్కూలు పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఈ రంగంలో నేర్పేవారు తరచుగా మారిపోతుంటారు. ఈ ఏడాది ఒక బోర్డు కింద కనిపించిన మనిషి వచ్చే ఏడాది మరో బోర్డు కింద కనిపిస్తాడు. కాబట్టి స్కూలు పేరు కన్నా నేర్పే మనిషిని చూసుకోవడమే మేలు.

నేను అడిగిన చోట్ల ఫీజు 5,000 నుంచి 7,500 రూపాయల వరకు చెప్పారు. లైసెన్సుతో కలిపి 9,000 అన్నవారు, 10,000 అన్నవారు కూడా ఉన్నారు. కొన్ని స్కూళ్లలో రోజుకు అరగంట అని చెప్పి, ఒకే కారులో ముగ్గురిని ఎక్కించుకుని, ఒకరు నడుపుతుంటే మిగిలిన ఇద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టి, వారిని ఇంటి దగ్గర ఎక్కించుకోవడానికీ దించడానికీ పట్టే సమయాన్ని కూడా ఆ అరగంటలోనే కలిపేస్తారు. 6,000 రూపాయలు తీసుకుని రోజుకు అరగంట చొప్పున 20 రోజులు నిజంగా నడపనిస్తే పది గంటలవుతుంది, అంటే గంటకు 600 రూపాయలు. 5,000కే నేర్పుతామన్న చోట రోజుకు పావుగంట మాత్రమే దక్కితే అయిదు గంటలు, అంటే గంటకు 1,000 రూపాయలు. చవక అనుకున్నదే ఖరీదవుతుంది. ఈ లెక్క అడిగినప్పుడు ఇద్దరు యజమానులు కాగితం మీద వేసి చూపించారు, ఒకాయన మాత్రం "అలాటి లెక్కలు ఎవరూ అడగరమ్మా" అన్నారు.

అడగడానికి మనకు హక్కు ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 31వ నియమం ప్రకారం సొంత కారు వంటి రవాణాయేతర వాహనానికి శిక్షణ కాలం చేరిన రోజు నుంచి 21 రోజులకు తగ్గకూడదు, అందులో స్వయంగా నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. "పది రోజుల్లో కారు" అన్న బోర్డు ఎక్కడ కనిపించినా ఆ స్కూలు ఈ నియమాన్ని పక్కన పెట్టిందన్నమాటే. అలాగే స్కూలుకు రవాణా శాఖ ఇచ్చే లైసెన్సు, అంటే ఫారం 11, అందరికీ కనిపించేలా గోడకు ఉండాలి. శిక్షణకు వాడే కారుకు నేర్పేవారి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉండాలి. నేర్పేవారు కనీసం పదో తరగతి చదివి, అయిదేళ్లు బండి నడిపిన అనుభవం కలిగి ఉండాలి. విద్యార్థి ఏ రోజు ఎంతసేపు నడిపాడో రాయడానికి ఫారం 15 అనే రిజిస్టరు ఉంటుంది. ఒకచోట చేరిన రోజునే ఆ రిజిస్టరులో నెల మొత్తానికీ సంతకాలు పెట్టమన్నారు. నేను పెట్టకుండా లేచి వచ్చేశాను.

లైసెన్సుతో కలిపిన ప్యాకేజీల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కేంద్రం నిర్ణయించిన రుసుము ప్రకారం, నేర్చుకునేవారికి ముందుగా ఇచ్చే తాత్కాలిక లైసెన్సు అయిన ఎల్‌ఎల్‌ఆర్‌కు 150, దాని పరీక్షకు 50, డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్సు జారీకి 200 రూపాయలు. రాష్ట్ర సర్వీసు చార్జీలు, కార్డు ఖర్చు కలుపుకున్నా కారు ఒక్కదానికే అయితే 2,000 దాటదు. స్లాటు పరివాహన్ వెబ్‌సైటులో మనమే బుక్ చేసుకోవచ్చు. ఆపైన అడిగే డబ్బు మనకు తోడు వచ్చినందుకే.

ఇక నేను చేరిన స్కూలు. ఫీజు 6,500 రూపాయలు, రెండు వాయిదాల్లో కట్టవచ్చు, కారులో ఒక్కసారికి ఒక్కరే. నన్ను ఆ స్కూలుకు రప్పించింది ఈ చివరి షరతే అయినా, అక్కడ నిలబెట్టింది మాత్రం నేర్పిన గురువుగారు. యాభై దాటిన మనిషి, పూర్వం సాలూరు వైపు లారీ నడిపారట. ఆయన ఫోను మోగినా ఎత్తరు. వేరే స్కూళ్ల కార్లలో నేర్పేవారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఫోనులో మాట్లాడుతుండడం రింగు రోడ్డు మీద రోజూ చూశాను కనుక ఇది నాకు పెద్ద విషయంగానే తోచింది. కేకలు వేయరు. వెనక ఆటోవాడు హారన్ మీద చెయ్యి తీయకుండా మోగిస్తుంటే, "కంగారు పడకండమ్మా, ఆడి పని ఆడు సేసుకుంతన్నాడు, మన పని మనం సేసుకుందాం" అనేవారు.

రెండు వైపులా పెడళ్లున్న కారులో ఒక చిక్కు ఉంది. బండి సరిగ్గా ఆగినప్పుడు ఆపింది మనమా, పక్కవారా అన్నది తెలియదు. చాలామంది కోర్సు పూర్తయ్యాక సొంత కారు ఎక్కగానే బెంబేలెత్తేది ఇందువల్లే. మా గురువుగారు రెండో వారం నుంచి సీటును వెనక్కి జరుపుకుని, చెప్పులు విడిచి, కాళ్లు రెండూ పెడళ్లకు దూరంగా నాకు కనిపించేలా పెట్టుకునేవారు. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్రేకు పక్కనే ఉండేది. అలా కనిపించినందువల్ల ఆగిన ప్రతిసారీ అది నా బ్రేకే అని నాకు తెలిసేది.

రైలు పట్టాల మీదుగా వెళ్లే ఎత్తు బ్రిడ్జి మీద నేర్పిన పద్ధతి కూడా చెప్పుకోవాలి. ఎత్తు మీద బండి ఆపించి, హ్యాండ్‌బ్రేకు లాగించి, యాక్సిలరేటర్ జోలికి పోకుండా క్లచ్‌ను మాత్రమే మెల్లగా వదలమన్నారు. ఒకచోటికి వచ్చేసరికి ఇంజిను శబ్దం బరువెక్కి, స్టీరింగ్ సన్నగా వణికి, కారు ముందు భాగం కొద్దిగా పైకి లేచినట్టవుతుంది; అప్పుడు హ్యాండ్‌బ్రేకు దించితే బండి వెనక్కి జారదు. "సెవితో పట్టుకోండి, కాలితో కాదు" అన్నారు. హాఫ్ క్లచ్ అని అందరూ చెప్పేది ఇదే గానీ, ఆ వణుకు ఎక్కడ మొదలవుతుందో ఒక ఉదయమంతా అక్కడే ఉంచి చూపించే ఓపిక అందరికీ ఉండదు. బ్రిడ్జి ఆరున్నర లోపే ఖాళీగా ఉంటుంది కనుక తెల్లవారు బ్యాచ్ తీసుకోవడం మంచిది. గంట స్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు రోడ్డు మీదికి మాత్రం కావాలనే రద్దీ వేళలో, అదీ చివరి వారంలో తీసుకువెళ్లారు.

ఆయన పద్ధతిలో నాకు నచ్చని అంశం ఒకటుంది. పరీక్ష దగ్గర పడేసరికి రివర్సు పాఠాన్ని గుర్తులతో నడిపించారు. వెనక అద్దం మీద అంటించిన స్టిక్కర్ ట్రాకు మీద పాతిన కర్రకు ఎదురుగా వచ్చినప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి, ఎడమ అద్దంలో తెల్ల గీత కనిపించగానే నిటారు చేయాలి. దీనితో పరీక్ష ట్రాకు మీద గట్టెక్కుతాము గానీ, మన కారుకు ఆ స్టిక్కర్ ఉండదు, మన సందులో ఆ కర్ర ఉండదు. ఊళ్లో దాదాపు అందరూ ఇలాగే నేర్పుతారని విన్నాను. అయినా అంత ఓపిక గల మనిషి ఇక్కడ దగ్గర దారి తొక్కడం వెలితిగానే అనిపించింది.

స్కూలు వైపు నుంచి లోపాలు ఇంకా ఉన్నాయి. కారు పాతది, క్లచ్ గట్టిది, మోకాలు నొప్పి ఉన్నవారు చేరే ముందు ఒకసారి తొక్కి చూసుకోవాలి. రోడ్డు గుర్తుల గురించి, ఇంజిను భాగాల గురించి సిలబస్‌లో ఉన్న తరగతి పాఠాలు ఒక పలుచని పుస్తకం చేతిలో పెట్టడంతో సరిపెట్టారు. తొలేళ్లు, సిరిమాను రోజుల్లో పైడితల్లి అమ్మవారి పండగకు రోడ్లు మూసివేయడంతో తరగతులు జరగలేదు. వాటిని తరువాత అడగకుండానే కలిపి ఇచ్చారు, అది మెచ్చుకోవలసిన విషయం. రాత్రి తరగతి మాత్రం లేదు. ఎదురుగా వచ్చే మోటారు సైకిళ్లన్నీ హై బీమ్ వేసుకుని తిరిగే ఊళ్లో ఇది చిన్న లోటు కాదు.

ఇంటికి వచ్చి మన కారు మీదే నేర్పుతామనేవారు కూడా ఉన్నారు, గంటకు 400, 500 రూపాయలు అడుగుతారు. లైసెన్సు రాకముందు ఇది నేను సలహా ఇవ్వను. వారి వైపు బ్రేకు ఉండదు. పైగా ఎల్‌ఎల్‌ఆర్ మీద నడిపేటప్పుడు పక్కన లైసెన్సున్న వ్యక్తి కూర్చోవాలి, ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని ఎల్ అక్షరం ఉండాలి. ఈ షరతులు పాటించకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ పేచీ పెట్టడానికి అవకాశం ఉంటుంది. లైసెన్సు వచ్చాక అయితే వేరే సంగతి. నేను అదే గురువుగారిని అడిగి, స్కూలు వారికి చెప్పే, సాయంత్రం ఏడు దాటాక మా కారులో నెల్లిమర్ల రోడ్డు మీద కొన్ని గంటలు నడిపాను. స్టిక్కర్ లేకుండా మా సందులోకి రివర్సు చేయడం కూడా అప్పుడే నేర్పించుకున్నాను. గంటకు 500 తీసుకున్నారు.