మడమ నొప్పికి ఎంసీఆర్ చెప్పులా, రన్నింగ్ షూసా?

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే అమ్మకి మడమలో సూది గుచ్చినట్టు ఉండేది. ఇంట్లో గచ్చు మీద తిరగడానికి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులే మేలు. మెత్తటి రబ్బరు సోల్ ఒత్తిడిని పాదమంతా పంచుతుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వెనక పట్టీ ఉన్నవే తీసుకోవాలి, అవి జారిపోవు. పుండు ఉంటే మాత్రం ముందు డాక్టరుకి చూపించండి.

గంటసేపు వాకింగ్‌కి షూసే నయం, మడమని కదలకుండా పట్టి ఉంచుతాయి. కొనేటప్పుడు వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కండి, మెత్తగా అణిగిపోతే వదిలేయండి. షూ వేళ్ల దగ్గరే వంగాలి, మధ్యలో మడత పడకూడదు. పాదాలు కాస్త ఉబ్బే సాయంత్రం పూటే షాపుకి వెళ్లండి. పరుగెత్తేవాళ్లయితే సుమారు 500–800 కిలోమీటర్లకి మార్చేయాలి, పైకి కొత్తగా కనిపించినా సరే.

అమ్మకి రెండూ కొన్నాం.