“లైఫ్‌టైమ్ ఎడిటింగ్ ప్యాక్” కొంటున్నారా? ముందు ఎక్స్‌పోర్ట్ చేసి వినండి

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు ఎవరైనా “లైఫ్‌టైమ్ లైసెన్స్, ప్లగిన్లన్నీ ఫ్రీ” అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్యాక్ (ప్లగిన్లంటే సాఫ్ట్‌వేర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) కొనబోతుంటే కాస్త ఆగండి. నేను 2,500 పెట్టి కొన్నాను. చివరికి 4,000 వదిలింది, ఒక కస్టమర్ దగ్గర పరువూ పోయింది.

డబ్బు యూపీఐలో పంపగానే అమ్మినతను రిమోట్‌లో నా సిస్టమ్‌లోకి వచ్చి తనే ఇన్‌స్టాల్ చేశాడు. ముందు యాంటీవైరస్ ఆపెయ్యమన్నాడు, ఆపేశాను. (అక్కడే అనుమానం రావాలి, రాలేదు.) నా క్లిప్ ఒకటి వేసి, వెనక జనరేటర్ మోతను నాయిస్ తీసే ప్లగిన్‌తో మాయం చేసి చూపించాడు. ఇరవై సెకన్లు విన్నాను, మురిసిపోయాను.

మొదటి పెళ్లి వీడియో ఇచ్చిన మర్నాడే పెళ్లికూతురు వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. “బాబూ, పంతులుగారి మంత్రాల మధ్యలో ఏంటది, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంటోంది? తాళి కట్టేటప్పుడైతే మేళం మొత్తం పగిలిపోయింది.” టైమ్‌లైన్‌లో (సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేసే చోట) అంతా బాగానే ఉంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లోనే, అంటే ఇవ్వడానికి బయటికి తీసిన వీడియోలోనే గోల. అమ్మినతన్ని అడిగితే “ఆడియో కోడెక్ ప్యాక్” (కోడెక్ అంటే సౌండ్‌ని కుదించి ఫైల్‌గా మార్చేది) వేసుకోవాలన్నాడు, ఇంకో 1,500. అదీ కట్టాను. చిటపట అలాగే ఉంది. ఈసారి కొత్త సౌండ్ కార్డ్ కొనమన్నాడు. ఎక్స్‌పోర్ట్‌కీ సౌండ్ కార్డ్‌కీ సంబంధమే లేదు, అది వినడానికి పనికొచ్చేది! ఆ మాట అడిగేసరికి నంబర్ బ్లాక్ చేశాడు.

ఇక నేనే కూర్చున్నాను. ముందు ఆడియో ఒక్కటే, కుదించకుండా, వేవ్ ఫైల్‌గా తీశాను. అందులోనూ చిటపట ఉందంటే తప్పు సౌండ్‌ని కుదించే ఏఏసీ పద్ధతిదీ కాదు, బిట్‌రేట్‌దీ (సెకనుకి ఎంత డేటా వాడాలనేది) కాదు. ఆ ఫైల్‌ని మళ్లీ టైమ్‌లైన్‌లోకి తెచ్చి అసలు ఆడియో కింద పరిచి చూస్తే విషయం కనబడింది: మంత్రాల మధ్య వచ్చే శబ్దం సరిగ్గా 45 సెకన్లకోసారి, గడియారం కొట్టినట్టు వస్తోంది. ఎఫెక్టులు ఒక్కోటీ ఆపుతూ పోయాను. నాయిస్ తీసే ప్లగిన్ ఆపగానే పోయింది. చాలా ఆడియో ప్లగిన్లు లైసెన్స్ లేకపోతే డెమోగా నడుస్తూ, కొంతసేపటికోసారి కావాలనే శబ్దమో నిశ్శబ్దమో దూరుస్తాయి. నేను పదేసి సెకన్లు విని ఆపేవాణ్ని కాబట్టి నాకెప్పుడూ దొరకలేదు. అతను ఇరవై సెకన్లే ఎందుకు వినిపించాడో అప్పుడర్థమైంది.

గట్టిమేళం దగ్గర పగలడం మాత్రం నా తప్పే, అది అతని మీద వెయ్యను. కెమెరా ఆడియో, డోలు-సన్నాయి మైకు, మీద పాట, మూడూ కలిసి మాస్టర్ మీటర్ (మొత్తం సౌండ్ ఎంతుందో చూపేది) సున్నా డెసిబెల్ హద్దు దాటి +3 దగ్గర ఉంది. లోపల సాఫ్ట్‌వేర్ 32 బిట్ ఫ్లోట్‌లో (సున్నా పైన కూడా చోటుండే పద్ధతిలో) లెక్క వేస్తుంది కాబట్టి సున్నా దాటినా అక్కడ తరంగం కోసుకుపోదు. ఫైల్ రాసేటప్పుడు సున్నా పైనున్నదంతా కత్తిరించినట్టు పోతుంది. నా ల్యాప్‌టాప్ బుల్లి స్పీకర్లలో ఆ తేడా తెలియలేదు. పాట తగ్గించి, మాస్టర్‌లో లిమిటర్ (సౌండ్ హద్దు దాటకుండా ఆపేది) −1 దగ్గర పెట్టాక మేళం శుభ్రంగా వచ్చింది. సున్నా దగ్గరే పెట్టకండి, ఏఏసీగా మారేటప్పుడు పీక్‌లు ఇంకాస్త లేస్తాయి. కెమెరాలోనే పగిలి రికార్డయిన మేళాన్ని మాత్రం ఏ లిమిటరూ బాగుచెయ్యలేదు.

కాబట్టి ఎవరైనా అమ్మజూపితే, మీ ఫుటేజ్ కనీసం అయిదు నిమిషాలది, మీ ఎఫెక్టులన్నీ వేసి, ఎక్స్‌పోర్ట్ చేయించుకుని, ఆ ఫైల్‌ని ఫోన్‌లో ఇయర్‌ఫోన్స్‌తో వినండి. ప్రివ్యూ చూసి డబ్బు పంపొద్దు. అసలు ఆ ప్యాక్ అవసరమే లేదు: డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్, దాన్ని తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సైట్‌లోనే దొరుకుతుంది. ఇప్పుడు దాంట్లోనే చేస్తున్నాను.

నాలా ఇప్పటికే రిమోట్ ఇచ్చేసినవాళ్లు సిస్టమ్ ఫార్మాట్ చేసి, మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి. డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చెయ్యకుండా 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యండి. నేను కోడెక్, సౌండ్ కార్డ్ అంటూ వారం గడిపేశాక చేశాను.

నిన్న ఇంకో గ్రూపులో అదే ప్రకటన చూశాను. నంబర్ మారింది, ధర 1,999 అయ్యింది, ఫొటో మాత్రం అదే.