జివెర్నీ సైకిల్ ట్రిప్: తోట కంటే దారే నచ్చింది

పారిస్‌లో ఉన్న ఫ్రెండ్స్ దగ్గరికెళ్ళినప్పుడు జూలైలో ఓ ఆదివారం నలుగురం జివెర్నీ పోయొచ్చాం, పెయింటర్ మోనే ఇల్లూ తోటా ఉన్న పల్లె అది. సెయింట్ లజార్ స్టేషన్‌లో రైలెక్కితే గంట లోపే వెర్నాన్ అనే ఊరు, అక్కడ్నుంచి జివెర్నీకి బస్సుంది గానీ మేం సైకిళ్ళు అద్దెకి తీసుకున్నాం. తీసుకునేముందు ఓ రౌండ్ తొక్కి చూస్కోండి బాబూ, నేను చూస్కోలేదు, దార్లో రెండుసార్లు చైన్ ఊడింది, చేతులంతా గ్రీజు.

సెయిన్ నది దాటాక పాత వంతెన తాలూకు మొండి స్తంభాల మీద ఓ పాత మిల్లు నీళ్ళమీదకి వేలాడుతూ ఉంటుంది, అది చూస్తూ అరగంట కూర్చుండిపోయాం. తర్వాత ఒకప్పటి రైలు పట్టాల దారినే సైకిల్ బాటగా చేశారు, ఎత్తుపల్లాల్లేవు, ఐదు కిలోమీటర్లు కబుర్లాడుకుంటూ వెళ్ళిపోవచ్చు. ఆ దారికి ఐదుకి ఐదు.

తోటకి మాత్రం మూడే ఇస్తా. పెయింటర్ మోనే 1883 నుంచి 1926లో పోయేదాకా ఉన్న ఇల్లిది, పక్కనున్న ఏరు పాయని మళ్ళించి కలువల చెరువు కట్టించుకున్నాడు, ఈయన పెంచే విదేశీ మొక్కలకి నీళ్ళు విషమైపోతాయని అప్పట్లో ఊళ్ళో రైతులు అడ్డం తిరిగార్ట! చెరువు బ్రహ్మాండమే, కానీ దాని మీదున్న జపాన్ తరహా వంతెన మీద సెల్ఫీల కోసం తోసుకోవడం చూస్తే తిరుపతి క్యూ గుర్తొచ్చింది. నాకైతే ఇంట్లో నీలం టైల్స్ వంటిల్లే నచ్చింది, గోడకి వరసగా రాగి గిన్నెలు. ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 దాకానే తెరుస్తారు, టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీస్కోండి.

ఇక భోజనం. రెండుంబావుకి ఓ రెస్టారెంట్‌కెళ్తే వంటగది కట్టేశాం అన్నారు, ఆ పల్లెల్లో మధ్యాహ్నం భోజనమంటే పన్నెండు నుంచి రెండు మధ్యలోనే. బతిమాలితే బ్రెడ్డు, చీజ్ ప్లేటు, ఆపిల్ సైడర్ ఇచ్చారు. కామెంబేర్ అనే ఆ మెత్తటి చీజ్ ఎండకి కరిగి చెక్క మీంచి బల్లమీదకి కారుతోంది, వాసనకి ముక్కు మూసుకున్న మా వాడే చివరికి చెక్క గీకి మరీ తిన్నాడు. ఇంకోటి, ఊరికే నీళ్ళడిగితే బాటిల్ తెచ్చి బిల్లేశారు, "కరాఫ్ దో" అనడగండి, కుళాయి నీళ్ళు ఫ్రీగా ఇస్తారు.

సాయంత్రం నది ఒడ్డున గడ్డిలో పడుకుని ఎక్కాల్సిన రైలు వదిలేశాం, ఎవరికీ బాధ లేదు, తర్వాత దాంట్లో వచ్చాం.