కెనాన్ 50ఎంఎం 1.8 ఎస్‌టీఎం లెన్స్: ఇంట్ల, బజార్ల ఉన్నయే ఫొటో తీసేటోళ్లకు పనికొస్తదా?

ఈ లెన్స్ మీద యూట్యూబ్ నిండా రివ్యూలే ఉన్నయి. అన్నిట్ల ఒక పిల్ల పార్కుల నిలబడ్తది, ఎనక చెట్లన్నీ మబ్బు లెక్క అయిపోతయి, "చూసిన్రా బ్లర్" అంటరు, అయిపాయె రివ్యూ. నాకు పెండ్లి ఆర్డర్లు లేవు, మోడల్స్ లేరు, ఉండేది నల్లగొండల, తీసేవి బత్తాయిలు, జొన్నరొట్టెలు, చాయ్ గిలాసలు, ఇస్త్రీ బండ్లు. అందుకే గా లెక్కనే చెప్త.

వివరాలు తొందరగ చెప్పేస్త. 2015ల వచ్చింది, 160 గ్రాముల బరువు, మెటల్ మౌంట్ (కెమెరాకు తగిలిచ్చే భాగం), 49ఎంఎం ఫిల్టర్, కొత్తదైతే పదివేలకు అటిటు. చెయ్యి వణుకు ఫొటోల పడకుంట ఆపే స్టెబిలైజేషన్ లేదు. లెన్స్ ముందట తగిలిచ్చే హుడ్ డబ్బల రాదు, ఈఎస్-68 అని వేరే కొనాలె, కొనుర్రి, ఎందుకంటే ఫోకస్ అయ్యేటప్పుడు ముందటి గొట్టం బయటికొస్తది, దానికి దెబ్బ తగలకుంట హుడ్డే అడ్డం.

నేను కెనాన్ 1500డీ కెమెరా మీద వాడుతున్న. కెమెరాతోని వచ్చే కిట్ లెన్స్ 18-55ను 55 దాక జూమ్ చేస్తే అపర్చర్ (ఎలుగు లోపలికొచ్చే రంధ్రం, అంకె తక్కువైతే ఎక్కువ తెరుచుకున్నట్టు) 5.6 కంటె ఎక్కువ తెరుచుకోదు, ఇది 1.8, అంటే దగ్గరదగ్గర పది రెట్ల వెలుగు లోపలికొస్తది. కిట్ లెన్స్‌తోని ఐఎస్‌వో (తక్కువ ఎలుగుల పెంచే సెట్టింగ్, పెంచితే ఫొటోల గరుకు వస్తది) 6400 పెట్టాల్సిన కాడ దీంతోని 640 సరిపోతది. పైసలు వసూలయ్యేది ఈడనే, మా వంటింట్ల. అమ్మ రొట్టెలు చేసేటప్పుడు ట్యూబ్‌లైట్ బంద్ చేస్త, తిడ్తది, అయినా చేస్త, ఎందుకంటే ట్యూబ్‌లైట్ ఒక రంగు, కిటికీ ఎండ ఇంకో రంగు, రెండు కలిస్తే పిండి కూడ నీలంగ కనవడ్తది. కిటికీ ఎలుగు ఒక్కటే పక్కనుంచి పడ్తే ఏళ్ల కణుపుల మీద అంటిన పిండి, రొట్టె అంచు పగుళ్లు, పెంక మీద తడి చెయ్యి రాయంగనే లేచే ఆవిరి, అన్నీ ఏరువడ్తయి. ఆవిరి కనవడాల్నంటే ఎలుగు ఎనకనుంచి రావాలె, దాని ఎనక నల్లటిది ఏదన్న ఉండాలె, మసి పట్టిన గోడైతే ఇంక మంచిది. సున్నమేసిన తెల్లగోడ ముందట ఎంత ఆవిరి లేచినా ఫొటోల ఉండదు. ఇంకొకటి, 1.8 మీద స్టీల్ గిన్నెలు మెరిసే కాడ ఊదారంగు అంచు వస్తది, 2.8కి పోతే శానావరకు తగ్గుతది.

ఇగ బ్లర్ సంగతి. ఈ లెన్స్ 35 సెంటీమీటర్ల దాక దగ్గరికి పోతది, 1500డీ మీద అంత దగ్గర్నుంచి ఒక బత్తాయి ఫ్రేం నిండా పడ్తది. గాని గంత దగ్గర 1.8 పెడ్తే ఫోకస్‌ల ఉండేది రెండు మిల్లీమీటర్లే, తొడిమ ఒక్కటే షార్ప్‌గ ఉంటది, తొక్క మీది సన్న రంధ్రాలు, పచ్చ పసుపు కలిసిన మచ్చలు, అసలు బత్తాయిని బత్తాయి చేసేవన్నీ మాయం. ఎనక మార్కెట్ కూడ కరిగిపోయినంక అది నల్లగొండ బత్తాయో ఏ ఊరి నిమ్మకాయో ఎవలికి ఎరక? నేను 4 పెడ్త, ఒక్కోసారి 5.6. అప్పుడు ఎనక రాశి, తట్ట, కాయలేరే చెయ్యి, పూర్తిగ కాకున్నా గుర్తువట్టేటంత కనవడ్తయి. 1.8కి పైసలు పెట్టి 4 మీద వాడుడేంది అంటరు మా దోస్తులు. 1.8 ఉన్నది చీకటి కోసం అని చెప్త, వాళ్లకు ఎక్కదు.

మార్కెట్ల కాయలేరే ఒక అవ్వ అడిగింది, "ఏం బిడ్డా, నన్ను తీస్తున్నవా, కాయల్ని తీస్తున్నవా?" "కాయల్నే అవ్వా, నీ చెయ్యి పడ్తది జర." "చెయ్యేముంది బిడ్డా, మట్టి చెయ్యి, కడుక్కొస్త ఆగు" అని లేవబోయింది. వద్దని బతిమాలిన. గా మట్టే కావాలె కదా నాకు.

నచ్చనిది ఒకటున్నది, పెద్దదే. క్రాప్ బాడీ మీద, అంటే 1500డీ లెక్క చిన్న సెన్సర్ ఉన్న కెమెరా మీద, ఇది 50 కాదు, 80 లెక్క, తక్కువ ఎడల్పే కనవడ్తది. ఫ్రాన్స్ ఫొటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ జీవితమంత ఎక్కువ 50ఎంఎంతోనే తీసిండు, మనకు కూడ ఇదే చాలు అని రాస్తుంటరు చూడుర్రి, ఆయనది 35ఎంఎం ఫిల్మ్ కెమెరా, దాని ఫ్రేం మన సెన్సర్ కంటె పెద్దది, ఆయన చూసినంత ఎడల్పు మనకు రావాల్నంటే 30 చిల్లర ఎంఎం లెన్స్ కావాలె. చిన్న రూంల ఈ గోడకు వీపు ఆనిచ్చినా ఆ గోడ కాడి మంచం మొత్తం పట్టదు. చాయ్ హోటల్ లోపల మనిషి, పొయ్యి, గోడమీది క్యాలెండర్ ఒక్క ఫ్రేంల కావాల్నంటే మర్చిపోవుడే. గసుంటియి ఎక్కువ తీసేటోళ్లకు ఈఎఫ్-ఎస్ 24ఎంఎం 2.8 మంచిది, 125 గ్రాములే, 16 సెంటీమీటర్ల దాక దగ్గరికి పోతది. రెండిట్ల ఒక్కటే కొనమంటే ఇప్పటికీ నేను 50నే కొంట, చేతులు, గిన్నెలు, కాయలు నా పిచ్చి కాబట్టి.

జూమ్ లేకపోవుడు తక్కువ అనిపించలే. లేదు కాబట్టే వంగాలె, కూసోవాలె, పక్కకు జరగాలె. అమెరికాల విలియం ఎగుల్‌స్టన్ అని ఫొటోగ్రాఫర్ ఉన్నడు, పిల్లల మూడుచక్రాల సైకిల్‌ను నేల మట్టానికి దిగి తీసిండు, ఎనకున్న ఇండ్ల కంటె సైకిలే పెద్దగ కనవడ్తది. 1976ల న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంల ఆయన కలర్ ఫొటోలు పెడ్తే గివ్వేం ఫొటోలని తిట్టినోళ్లే ఎక్కువ. మన 1500డీ స్క్రీన్ తిరగది, అంత కిందికెళ్లి తీయాల్నంటే రోడ్డు మీద బోర్లా పండుకోవాలె, ప్రకాశం బజార్ల అది కుదిరే పని కాదు, పొద్దుగాల దుకాణాలు తెరవక ముందట పోవాలె.

సెకండ్ హ్యాండ్ తీసుకునేటోళ్లు టార్చ్ కొట్టి లోపల ఫంగస్ ఉన్నదేమో చూడుర్రి. పాత 50ఎంఎం 1.8 రెండో వెర్షన్ ఇంక అగ్గువకు దొరుకుతది, గాని దానిది ప్లాస్టిక్ మౌంట్, 45 సెంటీమీటర్ల కంటె దగ్గరికి పోదు, అపర్చర్‌ను తెరిచి మూసే బ్లేడ్లు ఐదే, దీనికి ఏడు. వెయ్యి రెండు వేలు ఎక్కువైనా ఎస్‌టీఎందే తీసుకోండ్రి.