చవక ఏవీ రిసీవర్‌తో కొన్నేళ్లు: ఏది అక్కరకొచ్చింది, ఏది పక్కన పడింది

మా హాల్లో కొన్నేళ్లుగా పని చేస్తున్నది 5.1 ఛానళ్ల ఏవీ రిసీవర్, అంటే టీవీ, ప్లేయర్ల శబ్దాన్ని తీసుకుని ఐదు స్పీకర్లకు, లోతైన బాస్ పలికించే ఒక సబ్‌వూఫర్‌కు పంచే పెట్టె. పేరున్న కంపెనీదే, కాకపోతే వాళ్ల రిసీవర్లలో అన్నిటికన్నా చవకైన మోడల్. వైఫై లేదు, పైకప్పు స్పీకర్లకు కనెక్షన్లు లేవు. ఉన్న డబ్బులో ఎక్కువ భాగం స్పీకర్లకు, సబ్‌వూఫర్‌కు పెట్టి, మిగిలినదాంతో దీన్ని కొన్నాను. ఇన్నాళ్ల వాడకం తర్వాత కూడా అదే సరైన పద్ధతని గట్టిగా చెబుతాను. వినిపించే శబ్దంలో పెద్ద తేడా తెచ్చేవి స్పీకర్లు, వాటిని పెట్టిన చోటు, ఆ గది. మంచి స్పీకర్లు జాగ్రత్తగా వాడితే దశాబ్దాలు నిలుస్తాయి. రిసీవర్‌కు ఆ అదృష్టం లేదు. ఆంప్లిఫయర్ భాగం గట్టిగానే ఉన్నా, హెచ్‌డీఎంఐ వెర్షన్లు, సరౌండ్ ఫార్మాట్లు మారినప్పుడల్లా అది ఒక మెట్టు వెనకబడుతుంది. పాతబడేదాని మీద తక్కువ, నిలిచేదాని మీద ఎక్కువ ఖర్చు చేయాలి.

కొనేవాళ్లు మొదట చూసేది వాట్లు. తికమక కూడా అక్కడే. ఒకే ఆంప్లిఫయర్‌కు రెండు మూడు రకాల అంకెలు రాయొచ్చు. 6 ఓమ్‌ల లోడుతో (ఓమ్‌లంటే స్పీకర్ నిరోధం), ఒక్క ఛానల్ మాత్రమే నడిపి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్ (శబ్దం చెడిపోవడం) వచ్చేదాకా తోసి కొలిస్తే పెద్ద అంకె వస్తుంది. అదే పెట్టెను 8 ఓమ్‌లతో, రెండు ఛానళ్లూ నడుపుతూ, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.1 శాతం లోపు డిస్టార్షన్‌తో కొలిస్తే అంకె బాగా దిగిపోతుంది. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు ఈ రెండో అంకెనే చూడాలి. వేలల్లో పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ట పవర్ అని చెప్పే అంకె) రాసి ఉన్న పెట్టె జోలికి మాత్రం పోవద్దు. ఆ అంకెను ఎలా కొలవాలన్నదానికి ప్రమాణమంటూ ఏదీ లేదు.

ఆ చిన్న అంకె చూసి టెన్షన్ పడక్కర్లేదు. స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెల్స్ అంటే, ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో అంత గట్టిగా వినిపిస్తుందని అర్థం. మూడు మీటర్ల దూరంలో కూర్చున్నా మాటలు హాయిగా వినడానికి ఆ ఒక్క వాటే దాదాపు సరిపోతుంది. అసలు పరీక్ష పేలుళ్లు, హఠాత్తుగా లేచే సంగీతం దగ్గర వస్తుంది. మామూలు స్థాయికన్నా 20 డెసిబెల్స్ పైకి వెళ్లాలంటే 100 రెట్లు పవర్ కావాలి. కానీ 70 వాట్ల రిసీవర్ నుంచి 100 వాట్ల రిసీవర్‌కు మారితే దక్కేది ఒకటిన్నర డెసిబెల్ మాత్రమే, చెవికి అది తెలిసీ తెలియనంత తేడా. 88కి బదులు 91 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ తీసుకుంటే పవర్ రెట్టింపు చేసినంత ఫలితం. పైగా సొంత ఆంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్ పెడితే, బాగా పవర్ లాగే బాస్ బరువంతా రిసీవర్ మీద నుంచి దిగిపోతుంది. నా రిసీవర్ చిన్నదైనా మా హాల్లో ఎప్పుడూ ఆయాసపడకపోవడానికి కారణం ఇదే. ఒక్క జాగ్రత్త: 4 ఓమ్‌ల స్పీకర్లను చవక రిసీవర్‌కు తగిలించొద్దు. 6 లేదా 8 ఓమ్‌లవి చూసుకోండి.

ఇన్నేళ్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది పెట్టెతో పాటు వచ్చే చిన్న మైక్. గదిని కొలిచి శబ్దాన్ని సరిచేసే ఈ ఏర్పాటును డెనాన్‌లో ఆడిసీ అంటారు, యమహాలో వైపీఏఓ అంటారు, కాస్త పై ధరల్లో డిరాక్ లైవ్ కనిపిస్తుంది. ఇది లేని రిసీవర్‌ను నేనైతే కొనను. మైక్‌ను సోఫా వీపు మీద పడేయకుండా, కెమెరా స్టాండుకు బిగించి, మనం కూర్చునే చోట చెవి ఎత్తులో పెట్టాలి. ఫ్యాన్, ఏసీ ఆపేయాలి. ప్రతి స్పీకర్ దూరాన్ని, స్థాయిని అది కొలుస్తుంది.

అది ఇచ్చిన ఫలితాన్ని మాత్రం కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దు. చాలా రిసీవర్లు చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లను కూడా 'లార్జ్' అని పెట్టేస్తాయి. అప్పుడు వాటికి చేతకాని లోతైన బాస్ కూడా వాటికే వెళ్తుంది, సబ్‌వూఫర్‌కు పని తగ్గిపోతుంది. అన్నిటినీ 'స్మాల్'కు మార్చి, క్రాసోవర్‌ను, అంటే ఏ హద్దుకు దిగువ బాస్ సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగ్‌ను, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. ఆ ఒక్క మార్పుతో మాటలు తేటపడ్డాయి, బాస్ గట్టిపడింది. తర్వాత సెంటర్ స్పీకర్‌ను 2 డెసిబెల్స్ పెంచాను. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది సెంటర్ నుంచే. పాటలు చెవులు పగలగొడుతున్నాయి, మాటలు వినపడట్లేదు అని ఇళ్లలో వినిపించే ఫిర్యాదుకు సగం మందు ఇక్కడ ఉంది. మిగతా సగం నైట్ మోడ్‌లో ఉంది. పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పైకి తెస్తుంది కాబట్టి, పక్క గదిలో ఎవరైనా నిద్రపోతున్నప్పుడు నేను అదే వాడతాను.

ఇక హెచ్‌డీఎంఐ. చవక రిసీవర్ కొనడానికి వెనకాడేవాళ్లు చెప్పే మొదటి కారణం ఇదే, కొత్త వీడియో ఫార్మాట్లు దాటనివ్వదేమోనని. దీనికి సులువైన దారి ఉంది. ప్లేయర్, గేమ్ కన్సోల్, సెట్‌టాప్ బాక్స్ అన్నీ నేరుగా టీవీకే కలిపి, టీవీ నుంచి శబ్దాన్ని మాత్రం ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే వెనక్కి పంపే ఏర్పాటు) ద్వారా రిసీవర్‌కు తెచ్చుకోవడం. టీవీ మారినా రిసీవర్ మార్చాల్సిన పని ఉండదు. 2020లో హెచ్‌డీఎంఐ 2.1 పేరుతో వచ్చిన కొన్ని ఖరీదైన రిసీవర్లలో చిప్ లోపం వల్ల కొన్ని 4కే 120 హెర్ట్జ్ సిగ్నల్స్ సరిగ్గా వెళ్లలేదు. వీడియోను నేరుగా టీవీకి ఇచ్చేవాళ్లకు ఆ తలనొప్పి ఉండదు.

ఆర్క్‌కు హద్దులున్నాయి. డాల్బీ డిజిటల్ 5.1, స్ట్రీమింగ్‌లో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ దీంట్లో వెళ్తాయి. బ్లూరేలో ఉండే ట్రూహెచ్‌డీ లాంటి లాస్‌లెస్ (ఏమీ కోల్పోని) శబ్దం కావాలంటే టీవీలోనూ రిసీవర్‌లోనూ ఆర్క్‌కు మెరుగైన రూపమైన ఈ-ఆర్క్ ఉండాలి, లేదా ప్లేయర్‌ను రిసీవర్‌కే కలపాలి. డిస్కుల్లో కనిపించే మరో సరౌండ్ ఫార్మాట్ డీటీఎస్‌ను కొన్ని టీవీలు అసలు దాటనివ్వవు. డిస్కుల సేకరణ ఉన్నవాళ్లు ఈ విషయం ముందే చూసుకోవాలి. స్ట్రీమింగే చూసేవాళ్లకు మామూలు ఆర్క్ చాలు. టీవీ ఆడియో సెట్టింగ్‌లో 'పీసీఎం' ఉంటే ఆర్క్‌లో రెండు ఛానళ్లే వస్తాయి, దాన్ని 'బిట్‌స్ట్రీమ్' లేదా 'పాస్‌త్రూ'కు మార్చాలి. రిసీవర్ ముందున్న డిస్‌ప్లేలో డాల్బీ పేరు కనిపించేదాకా వదలొద్దు.

పెదవుల కదలికకు, మాటకు పొత్తు కుదరని ఇబ్బంది నాకు అప్పుడప్పుడు వచ్చింది. శబ్దం ముందు వస్తుంటే రిసీవర్‌లోని లిప్‌సింక్‌తో దాన్ని ఆలస్యం చేయొచ్చు. వెనకబడి వస్తుంటే రిసీవర్ చేయగలిగిందేమీ లేదు, టీవీలో ఆడియో డిలే సున్నా చేసి చూడాలి. హెచ్‌డీఎంఐ సీఈసీ (ఒక రిమోట్‌తో కలిపిన పరికరాలన్నిటినీ నడిపే సౌకర్యం) వల్ల టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారడం మాత్రం ఇంట్లో అందరికీ నచ్చింది. ఎవరూ నన్ను పిలవాల్సిన అవసరం లేకుండా వాడుకుంటున్నారు.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. సినిమా నడుస్తుంటే పైమూత బాగా వెచ్చబడుతుంది, అది సహజమే. మూసిన అల్మారాలో ఇరికించకుండా, పైన కనీసం జానెడు ఖాళీ వదలాలి. సెట్‌టాప్ బాక్స్‌ను దాని నెత్తిన పెట్టకూడదు.

హాల్, స్టేడియం లాంటి సౌండ్ మోడ్‌లు మొదట్లో సరదాకు నొక్కి చూసి వదిలేశాను. బ్లూటూత్ అతిథులు వచ్చినప్పుడు తప్ప వాడలేదు. అట్మోస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ ఫార్మాట్) కోసం 7 ఛానళ్ల రిసీవర్ తీసుకోవాలా అంటే, పైకప్పులో లేదా గోడ పైభాగంలో రెండు స్పీకర్లు నిజంగా బిగించే ఉద్దేశం ఉంటేనే. లేకపోతే ఆ తేడా డబ్బుతో మంచి సెంటర్ స్పీకర్ కొనండి. నాకు నిజంగా లోటనిపించింది ప్రీ-అవుట్లు, అంటే బయటి ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇచ్చే కనెక్షన్లు, లేకపోవడం. అవి ఉంటే పెద్ద హాలుకు మారినప్పుడు వేరే పవర్ ఆంప్లిఫయర్ కలుపుకోవచ్చు.

పాతది కొనడమూ మంచి దారే, ఒక మెట్టు పై మోడల్ అదే డబ్బుకు దొరుకుతుంది. వెళ్లేటప్పుడు ఒక హెచ్‌డీఎంఐ కేబుల్, ఒక చిన్న స్పీకర్ పట్టుకెళ్లి, ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టునూ, ప్రతి ఛానల్‌నూ విడివిడిగా పరీక్షించండి. అరగంటైనా నడిపించి, మధ్యలో రిలే (లోపలి స్విచ్) టక్కుమని ఆగిపోతోందేమో గమనించండి. రిమోట్, కొలత మైక్ రెండూ ఉన్నాయో లేదో అడగండి. మైక్ పోయి ఉంటే అదే మోడల్‌కు సరిపోయే మైక్ దొరుకుతుందని తేలాకే డబ్బు ఇవ్వండి. వేరే కంపెనీ మైక్ గుచ్చితే కొలతలు తప్పుతాయి.